మంత్రగత్తె అధ్యాయం

“అత్తా, పురుగుల కింద పరిచింది నా నవల కాగితాలే కదా?”

నేత్రావతి పట్టుపురుగుల తట్ట మీదికి వంగింది. మల్బరీ ఆకుల సందుల్లో తన చేతిరాతే కనిపిస్తోంది. గని అడుగున మాయారాజ్యం ఉందని ఊహించి, మూడుసార్లు తిరగరాసిన నవల అది. ఇవాళే బెంగళూరు ప్రచురణకర్తకు కొరియర్లో పంపాలి. పోయినవి మాత్రం మంత్రగత్తె అధ్యాయం పేజీలే. అత్త అక్కయమ్మ రాత్రిబడిలో చదవడం నేర్చుకున్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

“ముట్టొద్దు. పురుగులు పొర విడిచే జ్వరంలో ఉండాయి. కదిలిస్తే చస్తాయి. రేపు లేస్తాయిలే.”

“కావాలనే చేసినావు కదా?”

“మంత్రగత్తె కోడలికి రాగిపిండి కొలిచి పోస్తాది. తలుపు చాటున నిలబడి చెవి పెడతాది. ఎవరమ్మా అది?”

“ఊరికే కథ అత్తా.” నేత్రావతి గొంతు తగ్గింది.

“కథేం కాదు. నేను చేసినవే రాసినావు, ఒక్కటీ అబద్ధం లేదు. నీ మొగుడు కడుపులో ఉండంగానే మీ మామ పోయినాడు. పిండి కొలిచి పోయకుంటే మాపటికి ఉండేది కాదు. తలుపు చాటున వినకుంటే మీ మామ తరపోళ్ళు మమ్మల్ని యాడికి తరమాలనుకుంటా ఉండారో తెలిసేది కాదు. అది యాడ రాసినావు?”

ఆ మంత్రగత్తె ఎందుకట్లా అయిందో, మూడుసార్లు రాసినా నేత్రావతికి తట్టలేదు. కొరియర్ కవరు పక్కన పెట్టి పెన్ను తీసుకుంది.

“అప్పుడు నీకెన్నేళ్ళు అత్తా?”

“పంతొమ్మిది,” అంది అక్కయమ్మ. “ఇంగ కూచో. మొదట్నుంచి చెప్తా.”