తొమ్మిదో నంబరు

కరెంటు పియానో తిరగబడి మూడు రోజులైంది.

పెడల్ నొక్కితే మోత ఠక్కున ఆగిపోతోంది. కాలు తీస్తే గుయ్యిమని సాగుతోంది. అంతా తలకిందులు. దానికి తోడు మధ్యలో ఒక మెట్టు మూగబోయింది.

టీచరమ్మ వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టింది. పియానోతో వచ్చిన పుస్తకం తిరగేసింది. కోపం పట్టలేక దాని నెత్తిన రెండు మొట్టికాయలు కూడా వేసింది.

చివరికి షాపుకి ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. భుజాన పాత తోలుసంచి. కుడిచేతి చిటికెన వేలు కొక్కెంలా వంకర.

“స్విచ్ వేసేటప్పుడు పెడల్ మీద కాలుంటుందా అమ్మా?”

“ఉంటే?”

“ఇది తిరగేసి అర్థం చేసుకుంటుంది. ఆపేసి, కాలు తీసి, మళ్ళీ వేయండి.”

వేసింది. పెడల్ బుద్ధిగా పనిచేసింది.

“అమ్మ మూడు రోజులుగా కాలు పెట్టే వేస్తోంది అంకుల్!” అంది పదేళ్ళ కూతురు.

“తప్పు మీ అమ్మగారిది కాదు తల్లీ. ఈ మిషనే తిక్కది.”

కూతురు పకపకా నవ్వింది.

పియానో దగ్గర ఆ పిల్ల ఏడవడం టీచరమ్మ చాలాసార్లు చూసింది. నవ్వడం ఇదే మొదలు. గుండెలో ఎక్కడో చురుక్కుమంది.

మెకానిక్ మూత విప్పి, మూగ మెట్టు కింద నుంచి హెయిర్‌పిన్ను ఒకటి లాగాడు. అదీ టీచరమ్మదే.

“అన్నీ పలుకుతున్నాయో లేదో చూద్దాం. నీకు నచ్చింది వాయించు తల్లీ.”

రోజూ బతిమాలితే గానీ బల్ల ఎక్కని పిల్ల గబుక్కున ఎక్కి కూర్చుంది. తొమ్మిదో నంబరు అందుకుంది.

ఆ పియానోలో కంపెనీవాళ్ళు ముందే నింపి ఇచ్చిన పాటలు ఇరవై ఉన్నాయి. బటన్ నొక్కితే చాలు, అవే మోగుతాయి. వాటిలో తొమ్మిదోదంటే టీచరమ్మకు ప్రాణం. పన్నెండేళ్ళుగా పాఠానికి ఎవరొచ్చినా ముందు అదే వినిపిస్తుంది.

“ఎవరు వాయించారో గానీ ఆ చేతులకి దండం పెట్టాలి. అచ్చం అలాగే వాయించండి,” అంటుంది.

కూతురు చివరిదాకా వచ్చి, నేర్పినట్టే ఆఖరి స్వరానికి ముందు చిన్నగా ఆగింది.

“అక్కడ ఆగకు తల్లీ. నీళ్ళు జారినట్టు వెళ్ళిపో.”

పిల్ల మళ్ళీ వాయించింది. ఈసారి ఆగలేదు.

బాగుంది. ఎంత బాగుందో టీచరమ్మకు తెలుసు. ఆ మాట అనడానికి మాత్రం నోరు రాలేదు. నాలుగేళ్ళు గొంతు చించుకున్నా తన వల్ల కానిది, ఈ స్క్రూల మనిషి ఒక్క ముక్కతో తెప్పించాడు. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండింది.

“దాన్ని చెడగొట్టకండి. అక్కడ ఆగాలి. ఆ పాటకి ప్రాణమే అక్కడుంది.”

“అది తప్పమ్మా.”

“తొమ్మిదో నంబరులోనే తప్పుందా?”

“ఉందమ్మా. ఆఖరి స్వరం ఆలస్యంగా పడింది.”

“వాయించిన మహానుభావుడికి తెలీనిది మీకు తెలిసిందా? మెట్లు బాగుచేయడం మీ పని. వాయించేవాళ్ళకి వంకలు పెట్టడం కాదు. ముందు మీ వేలి వంకర సరిచేసుకోండి!”

అన్నాక తనకే ఎలాగో అనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మెకానిక్ ఆ వేలిని అరచేతిలోకి మడుచుకున్నాడు.

“నిజమేనమ్మా,” అని సంచి సర్దుకున్నాడు.

కూతురు గేటు దాకా వెంట వెళ్ళింది. “మళ్ళీ ఎప్పుడొస్తారు అంకుల్?”

ఆ మాట కిటికీలోంచి వినబడింది. ఉక్రోషం ఆగక టీచరమ్మ షాపుకి ఫోన్ చేసింది.

“ఈయన్ని ఇంకెప్పుడూ పంపకండి. చేతి పని కంటే నోటి పని ఎక్కువ.”

ఆనాటి నుంచీ ఇంట్లో ఒకటే గొడవ. పాట చివర తల్లి ఆగమంటుంది. పిల్ల ఆగదు. ఒకరోజు పిల్ల మూత దించేసి, “నేనింక వాయించను,” అనేసింది.

రెండు నెలలకు పియానో పూర్తిగా మూగబోయింది. ఈసారి షాపు నుంచి నడివయసు మనిషి వచ్చాడు.

“అది ఆ అంకుల్ సంచి!” అంది కూతురు.

“అవును పాపా. ఆయన పని మానేసి వాళ్ళ చెల్లెలి ఊరు వెళ్ళిపోయారు. పోతూ పోతూ నాకిచ్చారు.”

“ఎందుకు మానేశారు?”

“ఎవరో కస్టమర్ ఫోన్ చేశారట. ఇన్నేళ్ళలో ఆయన మీద అదొక్కటే కంప్లైంట్. మా ఓనరు నమ్మలేదు. ఆయనే, ‘నిజమే, నోరు జారాను’ అని సంచి దించేశారు.”

టీచరమ్మ నేలచూపులు చూసింది.

అతను ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలోంచి విరిగిన మొన ఒకటి తీశాడు.

“ఇది లోపలుంటే, ఇయర్‌ఫోన్ పెట్టారనుకుని నోరు మూసుకుంటుంది మేడమ్. ఎవరో చాటుగా వాయించుకుంటున్నట్టున్నారు.”

కూతురు తల దించుకుంది. తల్లికి వినబడకుండా, తనకు నచ్చినట్టు. టీచరమ్మ కళ్ళు చెమర్చాయి.

అతను సరిచూడటానికి తొమ్మిదో నంబరు నొక్కాడు. పాట సాగి సాగి, చివర చిన్నగా ఆగింది.

“ఇదిగో, ఇక్కడే,” అని నవ్వాడు. “ఈ చోటు వస్తుంటే చాలు, ఆయన షాపులోంచి లేచి బయటికి వెళ్ళిపోయేవారు.”

“ఎందుకని?” అంది టీచరమ్మ.

“ఇది రికార్డు చేసిన రోజు ఆయన చిటికెన వేలు విరిగి కట్టుతో ఉందట మేడమ్, మానాక మళ్ళీ వాయిస్తానని ఎంత బతిమాలినా కంపెనీవాళ్ళు ఒప్పుకోలేదట.”