పారేసిన శేషం

మూడో వరస చివర చుక్క పెట్టలేదని కలకత్తా నుంచి కాగితాల కట్ట తిరిగొచ్చేసింది.

చంద్రశేఖరం తల పట్టుకున్నాడు. పంతొమ్మిదివందల అరవై ఏడులో శ్రీకాకుళం మొత్తానికి కంప్యూటరును కళ్ళారా చూసినవాడు ఆయనొక్కడే. కాలేజీలో లెక్కల లెక్చరరు. వేసవి సెలవుల్లో కలకత్తా వెళ్ళి నెల్లాళ్ళు పాఠాలు చెప్పించుకుని వచ్చాడు. అందరూ నేర్చే భాష నేర్చుకుంటే గొప్పేముంది? అందుకని ఎవరూ ముట్టుకోని సిగ్మాల్ అనే భాష పట్టుకున్నాడు.

సిగ్మాల్‌లో రాసింది యంత్రానికి నేరుగా అర్థం కాదు. కలకత్తాలో కంపైలర్ అనే దుబాసీ ఉంటుంది. అది మొత్తం చదివి యంత్రం భాషలోకి మార్చాలి. దానికి మగపెళ్ళివారిని మించిన పట్టింపులు. ఒక్క చుక్క తగ్గినా అలిగి కూర్చునేది. ఆ అలక సంగతి శ్రీకాకుళం చేరడానికి పద్దెనిమిది రోజులు పట్టేది.

ఇదంతా మేనమామ మీద పంతం. ఆ మేనమామే పిల్లనిచ్చిన మామగారు కూడా. జగన్నాధం సిద్ధాంతి యాభై ఏళ్ళుగా గవ్వలు పరిచి పంచాంగం గుణిస్తున్నాడు. ఒక్క గ్రహణం తప్పలేదు. తన తరవాత ఆ పీట మీద అల్లుడు కూర్చోవాలని ఆయన ఆశ. గవ్వలాట నావల్ల కాదు, యంత్రం నిమిషంలో చేస్తుందన్నాడు అల్లుడు.

"అయితే వచ్చే చైత్రంలో సూర్యగ్రహణం ఉందిరా చంద్రం. ఎన్ని గంటలకు పడుతుందో నీ యంత్రాన్ని చెప్పమను. ఆకాశం ఒప్పుకుంటే గవ్వలు నాగావళిలో కలిపేస్తాను. లేదంటే నీ సిగ్మాలు కట్టిపెట్టి వచ్చి నా పీట మీద కూర్చో."

రెండోసారి, రాహువు ఎవరో తెలియదంటూ కట్ట తిరిగొచ్చింది. సిగ్మాల్‌లో ప్రతి పేరునూ మొదట్లోనే పరిచయం చెయ్యాలి. చెయ్యకపోతే గ్రహాన్నయినా గడప దాటనివ్వదు. చంద్రశేఖరం పళ్ళు కొరుక్కుంటూ రాహువును పరిచయం చేశాడు.

ఆషాఢంలో మూడోసారి జవాబు వచ్చింది. ఉదయం ఎనిమిదీ పన్నెండు.

ఆ కాగితాన్ని ఊరంతా తిప్పి చూపించాడు. తరవాత నాలుగు రోజులు అది కనిపించలేదు. పుట్టింటికి వెళ్ళొచ్చిన కామేశ్వరి "ఇదిగో మీ కాగితం" అని బల్ల మీద పెట్టింది. నాలుగు మూలలా పసుపు. వంటింటి చేత్తో ముట్టుకున్నావని భార్య మీద కేకలేశాడు.

భాద్రపదంలో సిగ్మాల్ పుస్తకం తిరగేస్తుంటే, అడుగున సన్నటి అక్షరాల్లో ఓ నియమం కనిపించింది. అంకె పక్కన దశాంశ బిందువు లేకపోతే, భాగహారంలో మిగిలిన శేషాన్ని యంత్రం పారేస్తుందట. పని తొందరగా తెమలడానికి కావాలనే అలా పెట్టారట. గ్రహాల లెక్కలో శేషం పారేస్తే ఇంకేం మిగులుతుంది? చంద్రశేఖరం కూర్చుని ప్రతి అంకెకూ బిందువు పెట్టాడు. ఈసారి జవాబు ఎనిమిదీ ముప్ఫై ఏడు అని వచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు.

మాఘంలో సిద్ధాంతిగారి కొత్త పంచాంగం అచ్చయి వచ్చింది. గ్రహణం పట్టేది ఎనిమిదీ పన్నెండుకి.

చంద్రశేఖరం తన జవాబు తీసి పక్కన పెట్టుకుని చూశాడు. యాభై ఏళ్ళుగా తప్పని మనిషి చెప్పాడంటే అదే నిజం. మొదట యంత్రమూ ఆ మాటే అంది! తనే తెలివి ఎక్కువై చెడగొట్టాడు. శేషం పారెయ్యమన్నవాళ్ళు వెర్రివాళ్ళా? బిందువులన్నీ పీకేశాడు. సిగ్మాల్ తయారుచేసినవాళ్ళ ముందుచూపు గురించి స్టాఫ్ రూములో గంటసేపు ఉపన్యాసం కూడా దంచాడు. ఫాల్గుణంలో జవాబు వచ్చింది. ఎనిమిదీ పన్నెండు.

కాగితం పట్టుకుని మామగారింటికి పరుగెత్తాడు. సిద్ధాంతి గుమ్మానికి ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

"ఎవరూ?"

"నేనే మావయ్యా! నీ లెక్కా నా లెక్కా ఒక్కటే. ఎనిమిదీ పన్నెండు!"

ముసలాయన ముఖం విప్పారింది. "మధ్యలో ఎక్కడా మార్చలేదు కదరా?"

"అబ్బే. మొదటినుంచీ అదే మాట."

ఇక ఆకాశాన్ని అడిగేదేముందని, మర్నాడే గవ్వల సంచీ నాగావళిలో వదిలేశారు. గెలిచినందుకు చంద్రశేఖరానికి సంబరంగానే ఉంది. ఆ సంచీ మునిగిపోతుంటే మాత్రం ఏడుపొచ్చింది.

గ్రహణం నాడు సరిగ్గా ఎనిమిదీ పన్నెండుకి ఊరు ఊరంతా పట్టుస్నానానికి నాగావళిలో మునిగింది. తేలి చూస్తే సూర్యుడు నిక్షేపంలా ఉన్నాడు. పావుగంట గడిచింది. మసి పూసిన గాజుముక్కల్లోంచి చూసి చూసి జనం మెడలు నొప్పెట్టాయి.

పాలు పోసే దాలమ్మ తడిబట్టలతో వణుకుతూ వచ్చి నిలదీసింది. "తానం సేసి ఎంతసేపైపోనాది బాబూ! సూరీడికి ఈసమెత్తు మచ్చ నేదు. సిద్ధాంతిగోరూ సెప్పారు, నీ మిసనూ సెప్పిందన్నావు. ఏటిది మరి?"

ఎనిమిదీ ముప్ఫై ఏడుకి సూర్యుడి అంచు నల్లబడింది.

చంద్రశేఖరం చేతి గడియారం వంక చూశాడు. బిందువులు పెట్టినప్పుడు వచ్చిన జవాబు అది. ఉక్రోషం ఆపుకోలేక, రేవు మెట్ల మీద కూర్చున్న సిద్ధాంతి దగ్గరికి వెళ్ళాడు.

"యాభై ఏళ్ళలో మొదటిసారి నీ గవ్వలు తప్పాయి మావయ్యా. నిన్ను నమ్మి, చేతికొచ్చిన ఒప్పును తప్పు చేసుకున్నాను."

ముసలాయన చెయ్యి గాలిలో తడుముకుని అల్లుడి భుజం దొరకబుచ్చుకుంది.

"గవ్వలెక్కడివిరా చంద్రం, కిందటేడే నా చూపు పోయింది, ఆషాఢంలో నీ యంత్రం పంపిన కాగితం అమ్మాయి చదివి వినిపిస్తే, దానికే నాలుగు మూలలా పసుపు పెట్టి, ఆ అంకే పంచాంగంలో అచ్చుకి పంపాను."