నూకరాజు మాటల కాపీ

క్యాన్సర్‌కి గొంతు తీసేశాక నూకరాజు మెడకు అమర్చిన యంత్రంతోనే మాట్లాడేవాడు. ఊళ్లో అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. రేవులో చేపల వేలం పాడేదీ ఆ గొంతుతోనే. ఈమధ్య మాట ఆలస్యంగా వస్తోంది. అతను ధర పలికేలోపే కొనేవాళ్లు పక్క గుంపుకి పోతున్నారు.

"సిస్టం మొత్తం చెరిపేసి కొత్తది ఎక్కించాలండీ. మాటలన్నీ ముందే కాపీ తీశాను, భయం లేదు" అంది రిపేరు షాపు హరిణి.

మెడ యంత్రం తీసిచ్చి కూర్చున్న నూకరాజు పక్కన భార్య సన్యాసమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. "ఆకలేస్తే నన్నెలా పిలుస్తాడో, ఆ కాపీని ఓపాలి పలకమనమ్మా."

బల్లమీది పెట్టెలోంచి మొగుడి గొంతు వచ్చింది. "సన్యాసమ్మగారూ, దయచేసి భోజనం వడ్డించండి."

"ఈడెవడో నాకు తెల్దు! సెరపకు!" సన్యాసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

హరిణి గాభరాగా వెతికింది. నిఘంటువులో లేని మాటలన్నిటినీ కాపీ తీసే ప్రోగ్రాం తప్పులనుకుని వదిలేసింది. వేలం కేకలు, తిట్లు, ముద్దుపేర్లు, సగం మనిషి బయటే ఉండిపోయాడు. మళ్లీ అన్నీ కాపీ తీసి, ఈసారి సన్యాసమ్మ విని తలూపాకే చెరిపింది.

కొత్తది ఎక్కుతున్నంతసేపూ నూకరాజు మూగగా భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

తిరుగుదారిలో ఆటోవాడితో అతను మొదలెట్టిన బేరం, తిట్లతో సహా, రేవుదాకా సాగింది. ఎప్పుడూ నోరు మూసుకోమని కసిరే సన్యాసమ్మ ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.