ఆ ఛానల్ వచ్చే ఇల్లు

టీవీ నల్లబడేసరికి ఆట ముగియడానికి ఇంకా ఏడు నిమిషాలున్నాయి. హాల్లో ఉన్న పన్నెండు మంది మగవాళ్లూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

టీవీ స్టాండు వెనక నుంచి రాగిణి పది నెలల కొడుకు సిద్ధుని చంకనేసుకుని వచ్చింది. పిల్లాడు అటు పాకాడని, పులిహోర కలుపుతున్నది కలుపుతున్నట్టే వదిలి పరుగెత్తింది. కుడి చేయి చీరకి తగలకుండా దూరంగా పట్టుకుంది.

"వీడు వైరు లాగేసినట్టున్నాడండీ" అంది భర్త రఘుతో, భయంగా.

రఘు బాక్సు ఆపి మళ్లీ ఆన్ చేశాడు. మృదుల భర్త అనూప్ రిమోట్‌లో బ్యాటరీలు మార్చాడు. మిగిలినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అదే బాక్సు ఆపి, అదే బాక్సు ఆన్ చేశారు. అందరూ ఇంజనీర్లే. ఆ బరువైన స్టాండు జరిపి, వంగి వెనక చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

సోఫాలో కూర్చున్న మృదులకి కడుపు చల్లబడినట్టయింది.

ఆ మగవాళ్లంతా ఒకే యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి అమెరికాలోని చాండ్లర్‌లో ఇళ్లు కొనుక్కున్నవాళ్లు. నిరుటి దాకా తమ కాలేజీ ఫుట్‌బాల్ ఎవరింట్లో వాళ్లు చూసుకునేవాళ్లు. ఈలోగా ఆ కాలేజీ ఆడే కాన్ఫరెన్స్, అంటే కాలేజీ జట్ల కూటమి, ఇంకో రెండు కాలేజీల్ని కలుపుకుంది, టీవీ హక్కులు తానే ఉంచుకుని సొంత ఛానల్ పెట్టింది. డిష్ వాళ్లకీ ఆ ఛానల్‌కీ బేరం కుదరలేదు. తెలుగు ఛానళ్ల కోసం అందరి ఇళ్ల మీదా ఉన్నది డిష్షే. ఆ ఛానల్ వచ్చే కేబుల్ ఉన్నది రాగిణి ఇంట్లో ఒక్కచోటే. అలా 2012 సీజన్ మొదలైన దగ్గర్నుంచి శనివారమంటే రాగిణి ఇల్లయింది. ఆట ఎన్నింటికో ఛానల్ వాళ్లు వారం ముందు చెబుతారు. దాన్నిబట్టి ఆమె పప్పు నానబోస్తుంది.

మొదటి శనివారమే మృదులకి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక కాగితం కనబడింది. కమ్యూనిటీ కాలేజీలో ఏవో శనివారం క్లాసులట.

"బీకాం రెండో ఏట ఆపేసినదానివి, ఇప్పుడేం చదువుతావు రాగిణీ? నీకు వంటే పెద్ద డిగ్రీ" అంది అందరూ వినేలా. అందరూ నవ్వారు. రాగిణి కూడా నవ్వింది.

ఆ నవ్వు వెనక ఏముందో నెల తర్వాత గానీ మృదులకి తెలియలేదు. గారెలు తింటూ అనూప్, ఒక శనివారం మా ఇంట్లో పెట్టుకుందామన్నాడు. రాగిణి జల్లి గరిటె పట్టుకునే ఉంది.

"మీ ఇంట్లో ఛానలే రాదుగా అన్నయ్యా. వచ్చినా ఇంతమందికి వండటం మృదులక్కకి చేతకాదులెండి, పాపం."

మృదుల చిప్‌లు చేసే కంపెనీలో పదిహేను మంది చేత పని చేయించే మనిషి. ఆమెను పట్టుకుని చేతకాదనడం ఒక ఎత్తు, పాపమనడం ఒక ఎత్తు. ఇంటికి వెళ్తూ కార్‌లో మొగుడితో అంది, ఆ శనివారాన్ని దాని ఇంట్లోంచి లాక్కోకపోతే నా పేరు మృదుల కాదని.

ఇదిగో, ఇప్పుడు అవకాశం తనంతట తానే వచ్చింది. మృదుల లేచింది.

"చంటిపిల్లాడున్న ఇల్లు ఇంతే. వచ్చే శనివారం నుంచి అందరూ మా ఇంటికి రండి. మేమూ కేబుల్ పెట్టించేస్తాం."

రాగిణి మొహం వాడిపోయింది. "ఒక్క వారం ఆగండక్కా. మనిషిని పిలిపించి బాగు చేయిస్తాం."

"ఎందుకులే అమ్మా. నీకు చేతకాదు, పాపం."

రాగిణి కళ్లలో నీళ్లు తిరగడం మృదుల స్పష్టంగా చూసింది. వారమంతా ఆ కళ్లే తలుచుకుని మురిసింది. డిష్ పీకించింది. కేబుల్‌కి రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది. గోడంత టీవీ కొంది. గారెలు, పులిహోర స్వయంగా చేస్తాననీ, ఈ సీజన్, వచ్చే సీజన్ కూడా భోజనాలు తమ ఇంట్లోనేననీ అందరికీ మెయిల్ కొట్టింది. ఇక ఎవరు అడిగినా వెనక్కి తీసుకోలేని మాట అది.

శనివారం ఆట పన్నెండున్నరకి. మృదుల అయిదింటికే లేచింది. తొమ్మిదయ్యేసరికి సగం పప్పు కూడా రుబ్బలేదు, నడుం పట్టేసింది. అంతలో అనూప్ వచ్చి, కొత్త టీవీకి కేబుల్ వైరు అందడం లేదన్నాడు. తమ ఇంట్లో పొడుగాటి వైరు ఊరికే పడి ఉంది, తెచ్చుకోమని రఘు ఫోన్‌లో చెప్పాడట. మృదులకి ఓపిక వచ్చింది. వైరు వంకతో రాగిణి మొహం చూడొచ్చు.

రాగిణి గరాజ్ ముందు సిద్ధుని కార్ సీట్‌లో కూర్చోబెడుతోంది. భుజానికి సంచీ ఉంది.

"ఎక్కడికి?"

"వీణ్ణి పిల్లల్ని చూసుకునే పద్మిని ఆంటీ దగ్గర దింపాలక్కా. చిన్న పనుంది. వైరు టీవీ వెనకే ఉంది, తీసుకుని తలుపు లాగేయండి."

తలెత్తకుండానే కారెక్కింది. మొహం చూపించలేక పారిపోతోందనుకుని మృదుల నవ్వుకుంది.

ఇల్లు చడీచప్పుడూ లేకుండా ఉంది. పొయ్యి వెలిగించిన జాడ లేదు. ఫ్రిజ్ మీద అయస్కాంతం మిగిలింది, దాని కింద కాగితం లేదు. మృదుల రెండు చేతులా స్టాండు జరిపి, దాని వెనకవైపుకి వంగింది. పిల్లాడు లాగిన వైరు గోడ పక్కన వేలాడుతోంది. దాని చివర, చాలా చుట్లు తిప్పితే గానీ ఊడని ఇత్తడి మర. వెలుతురులోకి పట్టి చూసింది.

మర చుట్టూ పసుపు వేలిముద్రలున్నాయి.