బస్సులో వచ్చే ఆఫీసు

"ఆ మాసిన చీరతోనే పోతావా? పచ్చ చీర కట్టుకో. పూలు పెట్టుకో," అంది కుముదవల్లి.

"బస్టాండుకే కదత్తా! పెళ్ళికి కాదు," అంది కోడలు గోదాదేవి.

"నలుగురూ సూస్తారు. కోడల్ని ఎట్ట పెట్టినాదో సూడని నన్నంటారు."

గోదాదేవి మూతి ముడుచుకుని పచ్చ చీర తీసింది.

పెళ్ళికి ముందు ఆమె చిత్తూరులో జయరావు వకీలు దగ్గర టైపిస్టు. పెళ్ళయి తిరుపతికి వస్తుంటే వకీలు టైపు మిషనును కూడా వెంట పంపాడు. "నీ మాదిరి తప్పుల్లేకుండా కొట్టేవాళ్ళు నాకు దొరకరమ్మా. ఇంట్లోనే చేసి పంపు," అన్నాడు. అప్పటినుంచి కాగితాల కట్టను చిత్తూరు బస్సు కండక్టరు కుప్పుస్వామి తెస్తాడు. టైపయిన కట్టను మళ్ళీ అతనే తీసుకుపోతాడు.

మొదట్లో అంతా సంబరమే. సొంత గది, కిటికీ పక్కన మిషను, భర్త సంపత్కుమార్ ఆఫీసుకు పోతూ పోతూ కిటికీలోంచి విసిరే మల్లెమొగ్గ. ఆ మొగ్గను మిషను మీదే పెట్టుకుని, వాడేదాకా దాని వాసనలోనే టైపు కొట్టేది.

కానీ మధ్యాహ్నమయ్యేసరికి గది మూగబోయేది. చిత్తూరు ఆఫీసులో పక్క కుర్చీ పంకజాక్షి గోదాదేవి పెరుగన్నం లాక్కుని నిమ్మకాయ ఊరగాయ ఇటు తోసేది. వకీలు తుమ్మితే కక్షిదారులు కూడా నవ్వేవాళ్ళు. ఇప్పుడు టైపు చేస్తూ చేస్తూ ఏదో చెప్పాలని పక్కకు తిరిగితే, అక్కడ సున్నం గోడ.

"నవ్వడమే మానేసినావు. కష్టంగా ఉంటే పని వదిలెయ్," అన్నాడు సంపత్కుమార్ నిన్న.

"పని ఇష్టమేనండీ. ఒక్కదాన్నే కూర్చుని చెయ్యడమే..."

"పోనీ, బస్టాండుకైనా నేను పోయొస్తా. సైకిలుండాది కదా."

వంటింట్లోంచి కుముదవల్లి గొంతు ఖంగుమంది. "నీకెందుకురా? పని దానిది. అదే పోతాది."

ఆ మాట గోదాదేవికి రాత్రంతా గుచ్చుకుంది. ఇక చాలు. పని మానేస్తున్నానని ఈరోజు వకీలుకు కబురు పంపాలి.

బస్టాండులో ఎండ మండిపోతోంది. చిత్తూరు బస్సు ఆగగానే కుప్పుస్వామి కట్ట పట్టుకుని దిగాడు.

"అమ్మా, పంకజాక్షమ్మ చెప్పమనింది. నీ కుర్చీలో వకీలు మేనల్లుడు కూర్చున్నాడంట. వాది పేరుండాల్సిన చోట ప్రతివాది పేరు కొట్టినాడంట. వకీలు సూసుకోకుండా చదివితే కోర్టులో జడ్జి గూడా నవ్వినాడంట!"

గోదాదేవి పకపకా నవ్వింది. పక్కన పూలమ్మే ఆమె కూడా ఏమిటేమిటని దగ్గరికొచ్చింది.

"ఇంకా? ఇంకేం చెప్పింది?"

"నువ్వు లేక ఊరగాయ తినేవాళ్ళు లేరంట."

కళ్ళు తడయ్యాయి. మానేస్తానని కబురు పంపబుద్ధి కాలేదు. మానేస్తే ఈ కబుర్లూ పోతాయి, పంకజాక్షీ పోతుంది, తనకు ఇష్టమైన పనీ పోతుంది.

"అన్నా, ఈ ఎండకు నాకు తల పగిలిపోతా ఉండాది. మీ బస్సు మా వీధి మలుపు మీదగానే కదా వచ్చేది? కట్ట ఆడ ఇచ్చేస్తే నేను పని మానకుండా చేసుకుంటాను."

కుప్పుస్వామి ఇబ్బందిగా టోపీ సర్దుకున్నాడు.

"మొదటి దినమే నేను ఆ మాట అన్నానమ్మా. మీ అత్తే వద్దనింది."

గోదాదేవి మొహం ఎర్రబడింది. "సూసినావా అన్నా? నన్ను ఎండలో తిప్పాలని ఎంత పంతమో!"

"పంతం కాదమ్మా," అన్నాడు కుప్పుస్వామి. "'ఇంటికాడే తెచ్చిస్తే నా కోడలు ఎవురితో నవ్వుతాదప్పా?' అనింది."