కంచె అవతల ఇనుపకర్ర

భూమి అయస్కాంతబలాన్ని కొలిచే గదిలో మా అమ్మాయి రాత్రి డ్యూటీ చేస్తుంది. అక్కడికి ఇనుము రాకూడదు. వస్తే సూది కదిలి, కాగితం మీద గీత వంకరపోతుంది. వాళ్ల నాన్న ఇనుపకర్ర ఊతంగా రోజూ తోడు వెళ్లేవారు. "నాన్నా, కంచె బయటే ఉండు, గీత పాడవుతోంది" అని కసిరేది. కిందటేడు ఆయనతోపాటే ఆ కర్రనూ మట్టిలో పెట్టాం.

నిన్న సూర్యుడి నుంచి పెద్ద గాలి వస్తోందన్నారు. మనసు ఆగక నేనే తోడు వెళ్లాను. పిన్నీసులు, తాళాలు బయటే వదిలాను.

"ఏం కాదమ్మా. ఆ గాలిలో వచ్చే రేణువుల్ని భూమి అయస్కాంతం పక్కకి నెట్టేస్తుంది."

"నెట్టలేకపోతే?"

"నీ నోట ఒక్క మంచిమాట రాదా?"

రాత్రంతా సూది పూనకం వచ్చినట్టు ఊగింది. ఆకాశంలో పైపొరలు కలతపడ్డాయట, రేడియో మూగబోయింది. తెల్లవారుజాముకి అంతా సద్దుమణిగి గీత తిన్నగా సాగింది. అప్పుడొక చిన్న వంకర. కాసేపాగి ఇంకొకటి. బయట గులకరాళ్ల మీద టక్కుమని చప్పుడు.

"అమ్మా, ఇనుమేమైనా తెచ్చావా?" అమ్మాయి గొంతు తగ్గించింది.

"లేదు తల్లీ."

చప్పుడు గది చుట్టూ తిరిగింది. ఒక్కో చప్పుడుకి ఒక్కో వంకర. చిత్రంగా, ఎప్పుడూ దడదడలాడే నా గుండె కుదుటపడింది. ఇన్ని రాత్రులూ పిల్ల ఒంటరిగా ఉందనే కుమిలిపోయాను.

తలుపు ఓరగా తీసి, చీకటికి చేతులు జోడించాను.

"ఏవండీ, మీ మేలు మరవను. కానీ కంచె బయటే ఉండండి. పిల్ల గీత పాడవుతోంది."

కంచె తలుపు కిర్రుమంది. వెనక్కి తిరిగి చూస్తే, సూది నిలకడగా ఉంది.