అద్దెకాకి

ఊళ్ళో చెట్లతోపాటు కాకులూ పోయాయి. హైమవతి మామగారి తద్దినానికి సంరక్షణ కేంద్రం నుంచి కాకిని అద్దెకు తెచ్చారు. అది మేడమీద పిండం చుట్టూ తిరుగుతోందే తప్ప ముట్టడం లేదు. గడువు అయిపోవస్తోందని దాని కాలిపట్టీ మోగుతోంది. కాకి ముడితేగాని ఇంటిల్లిపాదికీ భోజనం లేదు.

"గారెలు కూడా పెట్టాం. నాన్నకు ఇంకేం తక్కువైందో!" అన్నాడు భర్త ఫణీంద్ర.

పొద్దుటినుంచి మడితో వండిన హైమవతికి చిర్రెత్తింది. "కారుమీద రెట్టలేస్తున్నాయని వేపచెట్టు కొట్టించింది ఆయనే కదండీ!" అని, కాకికి దండం పెట్టింది. "మామయ్యగారూ, కారు పెట్టేచోటే మళ్ళీ వేప నాటిస్తాను. ముట్టండి."

కాకి ఒక్క గెంతు ముందుకు వేసింది.

"మరి కారెక్కడ పెట్టను?" అన్నాడు ఫణీంద్ర.

కాకి ఆగిపోయింది.

"మీరు కాసేపు నోరు మూసుకోండి," అంది హైమవతి.